సర్వర్‌లో ఎవరెవరు చెవులు తెరుచుకుని కూర్చున్నారో చూశారా? లినక్స్ డీమన్లు, వాటి సెక్యూరిటీ

కిందటేడు ఒక రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, సర్వర్ అస్సలు కదలట్లేదు, సీపీయూ వంద శాతం చూపిస్తోంది, రీస్టార్ట్ చేస్తే పది నిమిషాలు బానే ఉంటది, మళ్లీ అంతే" అని. వాడు షాపుల కోసం చిన్న బిల్లింగ్ యాప్ రాసి, నెలకి ఆరొందలు కట్టి ఒక వీపీఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) మీద పెట్టుకున్నాడు, అయిదారు షాపుల వాళ్లు వాడతారు, పొద్దున్నే వాళ్లు షట్టర్ ఎత్తేసరికి అది నడుస్తూ ఉండాలి. లాగిన్ అయి టాప్ కొట్టి చూస్తే ఏదో పిచ్చి పేరుతో ఒక ప్రాసెస్ సీపీయూ మొత్తాన్ని మింగేస్తోంది, క్రిప్టో మైనర్, అంటే మన మెషీన్ మీద ఎవడో క్రిప్టో నాణేలు తవ్వుకునే ప్రోగ్రామ్. ఎలా వచ్చిందిరా ఇది అంటే "ఏమో అన్నా, నేనైతే ఫైర్‌వాల్ పెట్టా, యూఎఫ్‌డబ్ల్యూలో 22, 80, 443 తప్ప అన్నీ మూసేశా, కావాలంటే నువ్వే చూడు" అని ఒకటే ఒట్లు. చూశా, నిజమే, స్టేటస్‌లో అలాగే ఉంది. కానీ మావాడు రెడిస్ అనే డేటాబేస్‌ని డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపే టూల్) ఎత్తి, దాని 6379 పోర్ట్‌ని (కనెక్షన్లు వచ్చే తలుపు నంబర్) బయటికి పబ్లిష్ చేసి, పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేశాడు. డాకర్ పబ్లిష్ చేసిన పోర్టుల దగ్గర యూఎఫ్‌డబ్ల్యూ మాట చెల్లదు, ఎందుకనేది ఫైర్‌వాల్ దగ్గరికి వచ్చాక చెప్తా.

వాడి తప్పు రెడిస్ పెట్టడం కాదు, డాకర్ వాడటమూ కాదు. ఆ మెషీన్ మీద ఏ ప్రోగ్రామ్ ఏ పోర్ట్ మీద వింటూ కూర్చుందో ఒక్కసారన్నా చూడకుండా, ఫైర్‌వాల్ యాక్టివ్ అన్న ఒక్క ముక్క చూసి పడుకున్నాడు. మనలో చాలామంది చేసేది ఇదే కాబట్టి ఆ రాత్రి వాడికి చెప్పినవన్నీ ఇక్కడ రాసేస్తున్నా. కమాండ్లు కూడా పలికినట్టే తెలుగులో రాస్తున్నా, మీరు టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టుకోండి. నేను చెప్పేవి ఉబుంటు, డెబియన్‌కి సరిపోతాయి, రాకీ, ఆల్మా లాంటి రెడ్‌హ్యాట్ కుటుంబంలో తేడా ఉన్న చోట చెప్తా.

అసలు డీమన్ అంటే

వెనకాల నడుస్తూ, ఎవరైనా వచ్చి అడిగితే పలికే ప్రోగ్రామ్, అంతే. 1963లో ఎంఐటీలో పనిచేసినవాళ్లు ఫిజిక్స్‌లో ఉండే మ్యాక్స్‌వెల్ డీమన్ గుర్తొచ్చి ఆ పేరు పెట్టుకున్నారు, దెయ్యాలకీ దీనికీ సంబంధం లేదు. పేరు చివర డీ అక్షరం ఉంటే చాలావరకు డీమనే, ఎస్ఎస్‌హెచ్‌డీ, హెచ్‌టీటీపీడీ, క్రాన్‌డీ ఇలా. పాతకాలంలో ఐనెట్‌డీ అని ఒకటుండేది, అదొక్కటే అన్ని పోర్టుల దగ్గరా కాపలా కూర్చుని, ఎవరైనా వస్తే అప్పుడు అసలు ప్రోగ్రామ్‌ని లేపేది. తర్వాత దాని చోట ఎక్స్ఐనెట్‌డీ వచ్చింది, ఇప్పుడు ఆ పని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని లేపి, ఆపే ప్రోగ్రామ్) సాకెట్లు చేస్తున్నాయి.

ఈ చరిత్ర ఎందుకంటే, ఇప్పటికీ వెతికితే పాత గైడ్లే ముందు దొరుకుతాయి, వాటిలో ఈటీసీ ఫోల్డర్‌లో హోస్ట్స్.డినై ఫైల్‌లో ఒక లైన్ రాయండి, అంతా సేఫ్ అని ఉంటుంది. ఆ ఫైల్ చదివి ఎవరిని రానివ్వాలో చూసే టీసీపీ ర్యాపర్స్ అనేవి 1990లో వీట్సే వెనెమా రాసినవి, ఆ రోజుల్లో బంగారం లాంటి టూల్. కానీ సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వాళ్లు 2014లో 6.7 వెర్షన్‌లో ఆ సపోర్ట్ తీసేశారు, రెడ్‌హ్యాట్ వాళ్లు 8 నుంచి ప్యాకేజీనే ఎత్తేశారు, డెబియన్ వాళ్లేమో సొంతంగా ప్యాచ్ వేసుకుని కొనసాగించారు. అంటే ఒక మెషీన్ మీద పనిచేసిన ఫైల్ ఇంకో మెషీన్ మీద ఎర్రర్ కూడా చూపించకుండా ఊరికే పడి ఉంటుంది, మీరేమో తలుపు వేశాననుకుంటారు. దాని మీద ఆధారపడొద్దు.

ముందు లిస్ట్ తీయండి

సుడో ఎస్ఎస్ -టీయూఎల్‌పీఎన్

టీ అంటే టీసీపీ, యూ అంటే యూడీపీ, ఎల్ అంటే వింటూ ఉన్నవి మాత్రమే, పీ అంటే ఏ ప్రాసెస్సో, ఎన్ అంటే పేర్ల బదులు నంబర్లు. నెట్‌స్టాట్ అలవాటున్నవాళ్లు అవే అక్షరాలు కొట్టొచ్చు, కాకపోతే కొత్త ఇన్‌స్టలేషన్లలో నెట్‌స్టాట్ ముందుగా ఉండదు. సుడో లేకుండా కొడితే వేరే యూజర్ల ప్రాసెస్ పేర్లు కనిపించవు, చాలామంది ఇక్కడే ఆగిపోయి పేరు రావట్లేదేంటి అని జుట్టు పీక్కుంటారు.

వచ్చిన దాంట్లో లోకల్ అడ్రస్ కాలమ్ మీద కళ్లు పెట్టండి. 127.0.0.1 అని ఉంటే ఆ ప్రోగ్రామ్ ఈ మెషీన్ లోపలి మాటలే వింటోంది, బయటివాళ్లకి అందదు. 0.0.0.0 అని గానీ, స్టార్ గుర్తు గానీ, బ్రాకెట్లలో రెండు కోలన్లు గానీ ఉంటే అన్ని ఇంటర్‌ఫేసుల మీదా వింటోంది, అంటే ప్రపంచంలో ఎవడైనా తలుపు కొట్టొచ్చు (మధ్యలో ఫైర్‌వాల్ ఆపితే తప్ప). ఉబుంటులో 127.0.0.53 మీద 53 పోర్ట్ కనిపిస్తే కంగారు పడకండి, అది సిస్టమ్‌డీ-రిసాల్వ్‌డీ, పేర్లని ఐపీలుగా మార్చే పని చేస్తుంది, లోపలిదే. ఇంకో సంగతి, యూడీపీ వాటి పక్కన లిజెన్ అని రాదు, అన్‌కాన్ అని వస్తుంది, కనెక్షన్ అనే మాటే యూడీపీలో లేదు కదా అందుకు. లిజెన్ అన్న పదాన్ని గ్రెప్ చేసి చూసేవాళ్లకి యూడీపీ మొత్తం జారిపోతుంది, ప్రమాదమేమో అక్కడ కూడా అంతే ఉంది.

యూడీపీని అంతలా ఎందుకు చెప్తున్నానంటే, 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ మీద సెకనుకి 1.35 టెరాబిట్ల దాడి జరిగింది, అది చేయడానికి వాళ్లు గిట్‌హబ్‌లోకి దూరలేదు, ఇంటర్నెట్ మీద 11211 పోర్ట్‌లో యూడీపీకి పలుకుతున్న మెమ్‌క్యాష్‌డీ (డేటాని మెమరీలో దాచిపెట్టే డీమన్) సర్వర్లు దొరికాయి, వాటికి గిట్‌హబ్ అడ్రస్‌తో చిన్న చిన్న ప్యాకెట్లు పంపితే అవి కొండంత జవాబులు తీసుకెళ్లి గిట్‌హబ్ నెత్తిన పోశాయి. ఆ సర్వర్ల ఓనర్లకి తమ మెషీన్ ఆ పనిలో ఉందని తెలిసుండదు కూడా. ఆ తర్వాతే మెమ్‌క్యాష్‌డీ 1.5.6లో యూడీపీని డిఫాల్ట్‌గా ఆపేశారు. అలాగే 2024 సెప్టెంబర్‌లో కప్స్-బ్రౌజ్‌డీ గొడవ, ప్రింటర్లని వెతికే డీమన్ అది, 631 యూడీపీ మీద అన్ని ఇంటర్‌ఫేసుల్లోనూ వినేది, బయటివాడు దొంగ ప్రింటర్ ఒకటి చేర్పించి, ఎవరైనా దానికి ప్రింట్ కొట్టినప్పుడు తన కమాండ్ నడిపించుకోవచ్చని తేలింది. డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్‌కి ప్రింటర్ ఎందుకండీ?

కాబట్టి లిస్ట్‌లో ఒక్కో లైన్ తీసుకుని ఇది ఏంటి, ఎవరికి కావాలి, ఎక్కడి నుంచి కావాలి అని అడగండి. జవాబు తెలియని లైన్ ఉంటే అక్కడే ఆగి తెలుసుకోండి. 111 ఉంటే ఆర్‌పీసీబైండ్, ఎన్ఎఫ్ఎస్ వాడకపోతే అక్కర్లేదు. 5353 అవాహీ, ఇంట్లో ల్యాప్‌టాప్‌కి పనికొస్తుంది, సర్వర్‌కి వద్దు. 25 అయితే మెయిల్ డీమన్, క్రాన్ మెయిల్స్ పంపడానికే అయితే లోపలి అడ్రస్ చాలు. 3306 మైఎస్‌క్యూఎల్, 5432 పోస్ట్‌గ్రెస్, 6379 రెడిస్, 27017 మాంగో, ఈ నాలుగిట్లో ఏదైనా 0.0.0.0 మీద కనిపిస్తే టీ తర్వాత తాగండి.

ఆపడం అంటే నిజంగా ఆపడం

డెబియన్, ఉబుంటులో ఒక తలనొప్పి ఏంటంటే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసిన క్షణమే డీమన్ స్టార్ట్ అయిపోతుంది, బూట్‌లో కూడా ఎనేబుల్ అయిపోతుంది, మీరు కాన్ఫిగ్ ఫైల్ తెరిచేలోపే అది వినడం మొదలుపెట్టేసింది. రెడ్‌హ్యాట్ వైపు మామూలుగా అలా ఉండదు, మనం చెప్తేనే లేస్తుంది. నాకు ఈ విషయంలో రెడ్‌హ్యాట్ పద్ధతే నచ్చుతుంది.

సుడో సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ --నౌ అవాహీ-డీమన్.సర్వీస్ అవాహీ-డీమన్.సాకెట్

ఇందులో రెండు పేర్లు ఎందుకు ఇచ్చానో చూడండి. స్టాప్ అంటే ఇప్పటికి ఆగుతుంది, రీబూట్ అయ్యాక మళ్లీ వస్తుంది. డిసేబుల్ అంటే బూట్‌లో రాదు కానీ ఇప్పుడు నడుస్తున్నది నడుస్తూనే ఉంటుంది, అందుకే పక్కన --నౌ. అయినా సరే, ఆ సర్వీస్‌కి ఒక సాకెట్ యూనిట్ కూడా ఉంటే, సర్వీస్‌ని ఒక్కదాన్నే ఆపి ఏం లాభం లేదు, పోర్ట్ పట్టుకుని కూర్చున్నది సాకెట్, ఎవడైనా కనెక్ట్ అవగానే సర్వీస్‌ని మళ్లీ నిద్రలేపుతుంది. అప్పట్లో ఐనెట్‌డీ చేసిన పనే. ఆపినప్పుడు టెర్మినల్‌లో ఒక వార్నింగ్ పడుతుంది, ఫలానా సాకెట్ దీన్ని ఇంకా లేపగలదు అని, మనం చదవం. సాకెట్లు ఏమున్నాయో చూడాలంటే సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-సాకెట్స్ అని కొట్టండి.

ఇంకెప్పుడూ ఎవరూ లేపకూడదు అనుకుంటే మాస్క్ చేయండి, ఆ యూనిట్‌ని దేవ్ నల్‌కి కట్టేస్తుంది, ఇంకో సర్వీస్ దాన్ని పిలిచినా లేవదు. అంతకంటే మంచిది ఏంటంటే అసలు అవసరమే లేకపోతే ఆప్ట్ పర్జ్ కొట్టి పీకేయడం, లేని డీమన్‌కి అప్‌డేట్ కూడా అక్కర్లేదు. పేర్ల విషయంలో మాత్రం జాగ్రత్త, ఉబుంటులో అపాచీ2, రెడ్‌హ్యాట్‌లో హెచ్‌టీటీపీడీ, ఉబుంటులో ఎస్ఎస్‌హెచ్, అక్కడ ఎస్ఎస్‌హెచ్‌డీ.

కావాల్సినవి ఉంటాయి కదా, వాటిని వినే చోటు మార్చండి. యాప్, డేటాబేస్ ఒకే మెషీన్ మీద ఉంటే డేటాబేస్ 127.0.0.1 మీదే వినాలి, మైఎస్‌క్యూఎల్‌లో బైండ్-అడ్రస్, పోస్ట్‌గ్రెస్‌లో లిజెన్_అడ్రసెస్, రెడిస్‌లో బైండ్. "మరి నేను ల్యాప్‌టాప్ నుంచి టేబుల్స్ చూసుకోవాలిగా అన్నా" అన్నాడు మావాడు. దానికి పోర్ట్ తెరవక్కర్లేదు, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ చాలు:

ఎస్ఎస్‌హెచ్ -ఎల్ 3307:127.0.0.1:3306 యూజర్@సర్వర్

ఇది నడుస్తున్నంతసేపు మీ ల్యాప్‌టాప్‌లో 3307కి కనెక్ట్ అయితే అక్కడి 3306కి వెళ్తుంది. కాన్ఫిగ్ మార్చాక రీస్టార్ట్ చేసి, మళ్లీ ఎస్ఎస్ కొట్టి కళ్లతో చూడండి, ఫైల్‌లో రాశాం కాబట్టి జరిగిపోయిందనుకోవద్దు. రీస్టార్ట్‌కి ముందు కాన్ఫిగ్ టెస్ట్ ఉన్నవాటికి టెస్ట్ కొట్టండి, వెబ్ సర్వర్ ఎంజినెక్స్‌కి ఎంజినెక్స్ -టీ, ఎస్ఎస్‌హెచ్‌కి ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ, బైండ్ అనే డీఎన్ఎస్ సర్వర్‌కి నేమ్‌డ్-చెక్‌కాన్ఫ్. ఒక్క సెమీకోలన్ మర్చిపోయి రీస్టార్ట్ కొడితే సైట్ పడుకుంటుంది, రీలోడ్ కొడితే ఎంజినెక్స్ పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తూ ఉంటుంది, అందుకే రీలోడ్ సరిపోయే చోట రీస్టార్ట్ జోలికి పోకండి.

ఫైర్‌వాల్, దాంతోపాటు నా పరువు పోయిన కథ

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక క్లయింట్ సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్ కొట్టి, ఎస్ఎస్‌హెచ్ అలవ్ చేయడం మర్చిపోయా. ఉన్న సెషన్ కాసేపు నడిచింది, దాన్ని మూసేసి మళ్లీ లాగిన్ అవబోతే గోడ. ఆదివారం, వాళ్ల హోస్టింగ్ కన్సోల్ పాస్‌వర్డ్ ఉన్నాయన పెళ్లిలో ఉన్నాడు, భోజనాల దగ్గర నుంచి లేపి అడగాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఫైర్‌వాల్ ముట్టుకునే ముందు ఈ లైన్ కొట్టనిదే చెయ్యి కదలదు:

సుడో సిస్టమ్‌డీ-రన్ --ఆన్-యాక్టివ్=10ఎం --యూనిట్=వెనక్కి యూఎఫ్‌డబ్ల్యూ డిసేబుల్

పది నిమిషాల్లో ఫైర్‌వాల్ దానంతటదే ఆఫ్ అయిపోతుంది, నేను లోపలే ఉంటే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ వెనక్కి.టైమర్ కొట్టి ఆపేస్తా. బయట ఇరుక్కుంటే పది నిమిషాలు తిట్టుకుంటూ కూర్చుంటా, అంతే నష్టం. ఆ తర్వాత వరసగా యూఎఫ్‌డబ్ల్యూ డిఫాల్ట్ డినై ఇన్‌కమింగ్, యూఎఫ్‌డబ్ల్యూ అలవ్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్, 80, 443 అలవ్, చివర్లో ఎనేబుల్. కొత్త టెర్మినల్ తెరిచి లాగిన్ అవుతోందో లేదో చూశాకే పాతది మూయండి.

రెడ్‌హ్యాట్ వైపు ఫైర్‌వాల్‌డీ. దాంట్లో అందరూ ఒకసారైనా పడే గుంట, ఫైర్‌వాల్-సీఎండీ --యాడ్-సర్వీస్=హెచ్‌టీటీపీ అని కొడితే ఇప్పుడు పనిచేస్తుంది, రీబూట్ అయ్యాక మాయం. --పర్మనెంట్ పెడితే ఫైల్‌లో రాసుకుంటుంది కానీ ఇప్పుడు పనిచేయదు, --రీలోడ్ కొట్టాలి. ఆ రెండూ తెలిస్తే మిగతాది తేలికే.

ఇక డాకర్ సంగతి. యూఎఫ్‌డబ్ల్యూలో మనం రాసే మామూలు రూల్స్ ఇన్‌పుట్ అనే గొలుసులో ఉంటాయి, అంటే ఈ మెషీన్‌కే వచ్చిన ప్యాకెట్ల కోసం. డాకర్ పోర్ట్ పబ్లిష్ చేసినప్పుడు వచ్చిన ప్యాకెట్ గమ్యాన్ని ముందే కంటైనర్ అడ్రస్‌కి మార్చేస్తుంది, దాంతో ఆ ప్యాకెట్ ఫార్వర్డ్ దారిలో పోతుంది, ఇన్‌పుట్ మొహం కూడా చూడదు. యూఎఫ్‌డబ్ల్యూ గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడే ఉంది పాపం, మనిషి పెరటి దారిన వచ్చాడు. దానికి తోడు రెడిస్ డాకర్ ఇమేజ్‌లో, మామూలుగా రెడిస్‌ని కాపాడే ప్రొటెక్టెడ్ మోడ్ ఆఫ్‌లో వస్తుంది. దీనికి మందు, పబ్లిష్ చేసేటప్పుడు 6379:6379 బదులు 127.0.0.1:6379:6379 అని రాయడం. ఇంకా మంచిది, యాప్ కూడా కంటైనర్‌లోనే ఉంటే రెండిటినీ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో పెట్టి అసలు పబ్లిష్ చేయకపోవడం. మావాడి మెషీన్‌లో ఎస్ఎస్ కొట్టగానే డాకర్-ప్రాక్సీ అని 0.0.0.0:6379 లైన్ నిక్షేపంగా కనిపించింది, చూసినవాడు లేడు. క్లౌడ్‌లో ఉంటే సెక్యూరిటీ గ్రూప్ (క్లౌడ్ వాళ్ల ఫైర్‌వాల్) మెషీన్ బయటే ఆపుతుంది కాబట్టి డాకర్ ఆటలు దాని దగ్గర సాగవు, ఉంటే తప్పకుండా వాడుకోండి.

ఎస్ఎస్‌హెచ్, అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తినేది

పబ్లిక్ ఐపీ ఉన్న ఏ మెషీన్‌లో అయినా లాగ్ తెరిచి చూడండి, ఎవరెవరో అడ్మిన్, రూట్, టెస్ట్ అంటూ పాస్‌వర్డ్లు ప్రయత్నిస్తూనే ఉంటారు. దీనికి అసలైన జవాబు ఒకటే, కీతో మాత్రమే లాగిన్, పాస్‌వర్డ్‌తో వద్దు. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టీ ఈడీ25519 కొట్టి కీ చేసుకుని, ఎస్ఎస్‌హెచ్-కాపీ-ఐడీతో సర్వర్‌కి పంపి, కీతో లాగిన్ అవుతోందని రూఢీ చేసుకున్నాక కాన్ఫిగ్‌లో ఇవి:

పర్మిట్‌రూట్‌లాగిన్ నో
పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో
కేబీడీఇంటరాక్టివ్‌ఆథెంటికేషన్ నో
అలవ్‌యూజర్స్ మీ యూజర్ పేరు

మూడో లైన్ చాలామంది వదిలేస్తారు, కొన్ని చోట్ల పామ్ (లినక్స్‌లో లాగిన్ తనిఖీ చేసే వ్యవస్థ) ద్వారా ఆ దారిలో కూడా పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఇప్పుడు అసలు మెలిక. ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ఒకే సెట్టింగ్ రెండు చోట్ల ఉంటే మొదట కనిపించిందే చెల్లుతుంది, చివరిది కాదు. ఉబుంటులో మెయిన్ ఫైల్ మొదట్లోనే ఎస్ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ ఫోల్డర్‌ని ఇంక్లూడ్ చేస్తారు, క్లౌడ్ ఇమేజ్‌ల్లో చాలాసార్లు అక్కడ 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైల్‌లో పాస్‌వర్డ్ ఎస్ అని రాసి ఉంటుంది. మీరు మెయిన్ ఫైల్‌లో నో అని రాసి, రీస్టార్ట్ చేసి, కాలర్ ఎగరేసుకుని తిరుగుతారు, అదేమో పాస్‌వర్డ్ తీసుకుంటూనే ఉంటుంది. అందుకని మీ సెట్టింగ్స్ అదే ఫోల్డర్‌లో 00తో మొదలయ్యే పేరుతో, చివర .కాన్ఫ్ ఉండే ఫైల్‌లో పెట్టండి, పెట్టాక సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ కొట్టండి, ఇక్కడ టీ పెద్దక్షరం, డీమన్ చివరికి ఏ విలువలు తీసుకుందో మొత్తం చూపిస్తుంది. చిన్న టీ అయితే తప్పులుంటే చెప్తుంది, అంతే.

పోర్ట్ 22 మార్చాలా అని అందరూ అడుగుతారు. మారిస్తే లాగ్‌లో చెత్త తగ్గుతుంది, అంతకు మించి సెక్యూరిటీ ఏం పెరగదని నా అభిప్రాయం, మొత్తం 65535 పోర్టులు వెతకడం వాళ్లకి పెద్ద పనేం కాదు. మారుస్తానంటే రెండు చోట్ల జాగ్రత్త. ఉబుంటు 22.10 నుంచి ఎస్ఎస్‌హెచ్.సాకెట్ పోర్ట్ పట్టుకుంటుంది కాబట్టి ఫైల్‌లో పోర్ట్ మార్చి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే ఏం మారదు, 24.04లో అయితే సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ కొట్టి ఎస్ఎస్‌హెచ్.సాకెట్‌ని రీస్టార్ట్ చేయాలి. రెడ్‌హ్యాట్‌లో ఎస్ఈలినక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో కట్టడి చేసే కాపలా) ఒప్పుకోదు, సీమ్యానేజ్ పోర్ట్ -ఏ -టీ ఎస్ఎస్‌హెచ్_పోర్ట్_టీ -పీ టీసీపీ 2222 అని దానికి చెప్పుకోవాలి. అక్కడ ఎస్ఈలినక్స్‌ని ఆఫ్ చేసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకండి.

తప్పు లాగిన్లు కొట్టే ఐపీలని ఆపే ఫెయిల్2బ్యాన్ పెట్టుకుంటే మంచిదే, పది నిమిషాల్లో అయిదుసార్లు తప్పితే పది నిమిషాలు బ్యాన్ అనేది దాని డిఫాల్ట్, జైల్.లోకల్ అనే ఫైల్ చేసి అందులో మార్చుకోండి, జైల్.కాన్ఫ్ ముట్టుకుంటే అప్‌డేట్‌లో గొడవ. డెబియన్ 12లో ఆర్‌సిస్‌లాగ్ ముందుగా ఉండదు, ఆథ్.లాగ్ ఫైలే లేక ఫెయిల్2బ్యాన్ స్టార్ట్ అవ్వకుండా మొరాయిస్తుంది, బ్యాకెండ్=సిస్టమ్‌డీ అని ఒక లైన్ రాస్తే దారికొస్తుంది.

మీరు రాసుకున్న డీమన్‌ని కట్టేయడం

మావాడి బిల్లింగ్ యాప్ దేని కింద నడుస్తోందని చూస్తే, రూట్. ఎందుకురా అంటే 80 పోర్ట్ కావాలంటే రూట్ ఉండాలిగా అన్నాడు. 1024 కంటే తక్కువ పోర్టులకి మామూలుగా రూట్ కావాలన్నది నిజమే కానీ దానికోసం ఇంటి తాళాలన్నీ చేతికివ్వక్కర్లేదు. ముందు ఎంజినెక్స్ ఉంటే యాప్‌కి 8000 లాంటి పోర్ట్ చాలు. లేదంటే ఆ ఒక్క హక్కు మాత్రమే ఇచ్చే పద్ధతి సిస్టమ్‌డీలో ఉంది. సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ బిల్లింగ్.సర్వీస్ అని కొడితే పక్కన ఓవర్‌రైడ్ ఫైల్ తెరుచుకుంటుంది, అసలు ఫైల్ ముట్టుకోనక్కర్లేదు. అందులో:

[సర్వీస్]
డైనమిక్‌యూజర్=ట్రూ
స్టేట్‌డైరెక్టరీ=బిల్లింగ్
నోన్యూప్రివిలేజెస్=ట్రూ
ప్రొటెక్ట్‌సిస్టమ్=స్ట్రిక్ట్
ప్రొటెక్ట్‌హోమ్=ట్రూ
ప్రైవేట్‌టెంప్=ట్రూ
యాంబియంట్‌కేపబిలిటీస్=క్యాప్_నెట్_బైండ్_సర్వీస్
కేపబిలిటీబౌండింగ్‌సెట్=క్యాప్_నెట్_బైండ్_సర్వీస్

డైనమిక్ యూజర్ అంటే సర్వీస్ నడుస్తున్నంతసేపే ఉండే ఒక తాత్కాలిక యూజర్. స్ట్రిక్ట్ అంటే దాదాపు ఫైల్‌సిస్టమ్ మొత్తం దానికి చదవడానికే, రాయడానికి వార్ లిబ్ కింద బిల్లింగ్ ఫోల్డర్ ఒక్కటే, అది స్టేట్‌డైరెక్టరీ లైన్ తయారుచేసి పెడుతుంది. ఎంజినెక్స్ వెనకాల ఉంటే చివరి రెండు లైన్లలో క్యాప్ పేరు తీసేసి బౌండింగ్ సెట్‌ని ఖాళీగా వదిలేయొచ్చు, పైగా ఐపీఅడ్రస్‌డినై=ఎనీ, ఐపీఅడ్రస్‌అలవ్=లోకల్‌హోస్ట్ అని రెండు లైన్లు కలిపితే ఆ యాప్‌లో ఎవడైనా దూరినా బయటికి మైనర్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి కూడా దారి ఉండదు. యాప్ బయటి పేమెంట్ సర్వీస్‌తో మాట్లాడాల్సి ఉంటే మాత్రం ఇది పెట్టకండి, పెట్టి మూడు గంటలు వెతుక్కున్నవాణ్ని నేనే.

అన్నీ ఒకేసారి పెట్టొద్దు. రెండు లైన్లు పెట్టు, రీస్టార్ట్ చెయ్యి, జర్నల్‌సీటీఎల్ -యూ బిల్లింగ్ -ఎఫ్ చూస్తూ బిల్లు ఒకటి కొట్టి చూడు, బానే ఉంటే ఇంకో రెండు. మధ్యలో స్టార్ట్ అవ్వక అయిదుసార్లు పడిపోతే సిస్టమ్‌డీ విసిగిపోయి ఇంక లేపను అంటుంది, సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్ కొడితే కోపం తగ్గుతుంది. ఎంతవరకు కట్టేశామో చూడ్డానికి సిస్టమ్‌డీ-ఎనలైజ్ సెక్యూరిటీ బిల్లింగ్.సర్వీస్ అని ఒకటుంది, పదికి ఎంత ప్రమాదమో మార్కు వేస్తుంది, ఇక్కడ తక్కువ వస్తే మంచిది. ఆ మార్కు యూనిట్ ఫైల్‌ని చూసి వేసేదే, మీ కోడ్‌లో ఉన్న బొక్కలు దానికి తెలీవు.

అప్‌డేట్ చేశాం, కానీ పాతదే నడుస్తోంది

ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టాం కదా అని ఊరుకుంటే, డిస్క్ మీద కొత్త లైబ్రరీ వచ్చింది గానీ ఎప్పుడో స్టార్ట్ అయిన డీమన్ మెమరీలో పాత లైబ్రరీయే పట్టుకుని ఉంటుంది, రీస్టార్ట్ చేసేదాకా. ఉబుంటులో నీడ్‌రీస్టార్ట్ అనేది ఏవేవి రీస్టార్ట్ చేయాలో చూస్తుంది, కొన్ని వెర్షన్లలో అడుగుతూ ఒక స్క్రీన్ వస్తుంది చూడండి, ఎంటర్ కొట్టి పారిపోకండి దాంట్లోంచి. సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే పడటానికి అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్, రెడ్‌హ్యాట్‌లో డీఎన్ఎఫ్-ఆటోమేటిక్.

2024 జూలైలో ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో సీవీఈ-2024-6387 అనే నంబర్ ఉన్న సెక్యూరిటీ లోపం బయటపడ్డప్పుడు, 8.5 నుంచి 9.7 వరకు ఇబ్బంది, 9.8లో సరిచేశారు అని చదివి, మావాడి లాంటివాళ్లు సోర్స్ దింపి 9.8 కంపైల్ చేయడానికి కూర్చున్నారు. అవసరం లేదు, డెబియన్, ఉబుంటు, రెడ్‌హ్యాట్ వాళ్లు వెర్షన్ నంబర్ అలాగే ఉంచి ప్యాచ్‌ని పాతదాంట్లోకే తెస్తారు, ఆప్ట్ చేంజ్‌లాగ్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్-సర్వర్ అని కొట్టి అందులో ఆ సీవీఈ నంబర్ ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది. సొంతంగా కంపైల్ చేస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి ప్యాచ్ మీ నెత్తినే.

బయట నుంచి చూడండి

లోపల్నుంచి ఎంత చూసినా బయటివాడికి ఏం కనిపిస్తోందో బయట నుంచే తెలియాలి. ఆఫీస్ నెట్ నుంచి కాదు, ఆ ఐపీని మీరే ఎప్పుడో అలవ్ చేసి మర్చిపోయి ఉంటారు. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్ నుంచి ఎన్‌మ్యాప్ -పీఎన్ -పీ- అని కొట్టి మీ సర్వర్ ఐపీ ఇవ్వండి, ఆ పీ పక్కన గీత ఉంటేనే అన్ని పోర్టులూ చూస్తుంది, లేకపోతే బాగా వాడే వెయ్యి మాత్రమే. యూడీపీకి -ఎస్‌యూ, అది నత్తనడక, మీరు అనుమానపడే నంబర్లు ఇచ్చి చూస్తే చాలు. ఐపీవీ6 ఉంటే -6 పెట్టి ఇంకోసారి, అక్కడ రూల్స్ లేవని చాలామందికి అప్పుడే తెలుస్తుంది. మీ సొంత మెషీన్ మీదే చేయండి, ఊళ్లోవాళ్ల సర్వర్ల మీద కొట్టి నా పేరు చెప్పకండి.

మావాడి పాత సర్వర్‌ని నమ్మలేక కొత్తది తీసుకుని, డేటా మాత్రం తెచ్చుకుని, ఇవన్నీ చేసేసరికి తెల్లారి నాలుగైంది. షాపులు తెరిచే టైముకి బిల్లులు కొట్టుకున్నారు, ఎవరికీ ఏం తెలీదు. మొన్న పండక్కి వచ్చినప్పుడు వాడి ల్యాప్‌టాప్ లాక్కుని ఎస్ఎస్ కొట్టి చూశా, 22, 80, 443, కిందేమో 0.0.0.0:8080. ఏంట్రా ఇది అంటే "టెస్టింగ్ కోసం పెట్టా అన్నా, తీసేస్తా" అన్నాడు. ఎప్పుడు పెట్టావురా అంటే సంక్రాంతికి అన్నాడు. మేం మాట్లాడుకుంటున్నది దసరాకి.